కోన్యాలో శనివారం రాత్రి: సెమా చూశాం, మీటరు రొట్టె తిన్నాం

టర్కీ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా సూఫీ డాన్స్ ఎక్కడ చూస్తే బాగుంటుందని అడిగితే నా జవాబు ఒక్కటే. ఒక శనివారం కలిసొచ్చేలా చూసుకుని కోన్యా వెళ్ళండి. అక్కడి మెవ్లానా కల్చరల్ సెంటర్‌లో శనివారం సాయంత్రం జరిగే సెమా, అంటే సూఫీలు గుండ్రంగా తిరుగుతూ చేసే ఆ ప్రార్థన, చూడండి, ఆ ఊరి తిండి తినండి, రాత్రికి అక్కడే ఉండిపోండి. మేం ఐదుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, డెబ్బై ఒకటేళ్ళ మా మామయ్య, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. పది రోజులు తిరిగొచ్చాం గానీ ఇంట్లో ఇప్పటికీ కూర్చుని మాట్లాడుకునేది ఆ ఒక్క రాత్రి గురించే.

నిజానికి మేం మొదట చూసింది కోన్యాలో కాదు. ఇస్తాంబుల్‌లో దిగిన రెండోరోజే ఎవరో చేతిలో పెట్టిన కాగితం చూసి ఒక రెస్టారెంటుకి వెళ్ళాం. డిన్నరూ డాన్సూ కలిపి ఒకటే టికెట్. కబాబ్ ప్లేట్లు వచ్చాక లైట్లు తగ్గించారు. తెల్లబట్టల్లో ఒక కుర్రాడు టేబుళ్ళ మధ్య ఉన్న కాస్త ఖాళీలో పది నిమిషాలు గుండ్రంగా తిరిగాడు. అతను తిరుగుతుండగానే వెయిటర్లు కూల్‌డ్రింకులు మోసుకుంటూ పక్కనుంచి వెళ్ళారు, వెనక టేబుల్‌వాళ్ళు బిల్లు అడిగారు. అతను వెళ్ళిన మరుక్షణం అదే చోట బెల్లీ డాన్స్ మొదలైంది. మామయ్య తినడం ఆపేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక ఒక్క మాటే అన్నారు. "ఆ పిల్లోడు దేవుడి కోసం తిరుగుతాన్నాడో, మన కోసం తిరుగుతాన్నాడో తెలీలేదమ్మా."

డబ్బు పోయినందుకు కాదు, ఆయన ముఖం చూసి నాకు బాధేసింది. మాది కడప. పెద్ద దర్గా ఉరుసుకి గంధం రోజున వెళ్ళడం మామయ్యకి చిన్నప్పటినుంచీ అలవాటు. ఖవాలీ జరుగుతుంటే రాత్రంతా కదలకుండా కూర్చునే మనిషి. అంత దూరం విమానంలో రానని భీష్మించుకుంటే, "రూమీ గారి సమాధి చూపిస్తాం మామయ్యా" అని చెప్పి ఒప్పించింది నేనే. రూమీ అంటే పదమూడో శతాబ్దపు సూఫీ కవి, ఈ సెమా ఆయన దారివాళ్ళదే.

కోన్యాకి అంకారా నుంచి వెళ్ళాం. శనివారం పొద్దున హైస్పీడ్ రైలు ఎక్కితే గంటా ముప్పావులో దించేసింది. దారి పొడుగునా చెట్టూ చేమా లేని బయలు, కోసేసిన గోధుమ చేలు. కిటికీలోంచి చూస్తూ మామయ్య "ముద్దనూరు దాటినాక ఇట్లే ఉంటుంది" అన్నారు. ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మేం వెళ్ళింది అక్టోబర్‌లో. పగలు ఎండ బాగానే ఉంది గానీ పొద్దుగూకాక స్వెటర్ లేకుండా బయట నిలబడలేకపోయాం. పిల్లలకి మంకీ క్యాపులు తీసుకెళ్ళడం మంచిదైంది.

సాయంత్రం సెమా చూసేవాళ్ళు ఆ రోజు పగలు తప్పకుండా మెవ్లానా మ్యూజియం చూడాలి. ఇది నేను గట్టిగా చెప్తాను. అక్కడికి వెళ్ళకుండా సెమాకి వెళ్ళివుంటే మేం చూసినదాంట్లో సగం మాకు అర్థమయ్యేది కాదు. నీలం, ఆకుపచ్చ కలిసిన పెంకుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. దానికిందే సమాధి. మనం రూమీ అనే పేరుతో తెలుసుకున్న మనిషిని ఆ ఊళ్ళో అందరూ మెవ్లానా అంటారు, ‘మా గురువుగారు’ అన్నట్టు. ఆయన 1207లో బల్ఖ్ ప్రాంతంలో పుట్టి, కుటుంబంతో పాటు ఊళ్ళు దాటుకుంటూ వచ్చి, సెల్జుక్ సుల్తానుల రాజధాని అయిన కోన్యాలో స్థిరపడ్డారు. ఈ నేలని అప్పట్లో రూమ్ అనేవారు, అందుకే రూమీ. 1273 డిసెంబర్ 17న, పొద్దుగూకే వేళ, ఇక్కడే కన్నుమూశారు. ఆ రోజుని ‘షెబి ఆరుస్’ అంటారు. పెళ్ళి రాత్రి అని అర్థం. చనిపోవడమంటే ప్రియమైనవాడి దగ్గరికి చేరడమే కదా అని.

ఈ సంగతి ఫోన్లో చదివి వినిపించగానే మామయ్య నడుస్తున్నవారల్లా ఆగారు. "మన ఉరుసు అన్నా అదే కదమ్మా. ఉర్స్ అంటే పెండ్లే." నాకు అప్పటిదాకా తెలీదు. చిన్నప్పుడు ఉరుసుకి వెళ్ళి గాజులు కొనుక్కున్నాను, రంగులరాట్నం ఎక్కాను, ఆ మాటకి అర్థం మాత్రం కోన్యాలో తెలిసింది.

సమాధి దగ్గర ఎక్కువసేపు నిలబడలేం, వెనక జనం తోసుకొస్తూ ఉంటారు. ఎక్కువసేపు గడపాల్సింది వంటింట్లో. అవును, వంటింట్లోనే. ఆవరణలో ఒక పక్కగా ఉంటుంది, చాలామంది తొంగిచూసి వెళ్ళిపోతున్నారు. పెద్ద పెద్ద రాగి పాత్రలు, పొయ్యి, నిలువెత్తు బొమ్మలు. దాన్ని మత్‌బఖ్ అంటారు. ఈ మ్యూజియం ఒకప్పుడు రూమీ దారిలో నడిచే మెవ్లెవీ సూఫీల మఠం. ఆ మఠంలో చేరాలని వచ్చినవాడు నేరుగా గురువు ముందు కూర్చోవడం, పాఠం మొదలుపెట్టడం ఉండదు. ముందు వంటింటి గుమ్మం దగ్గర గొర్రెతోలు మీద మూడు రోజులు ఊరికే కూర్చుని అక్కడివాళ్ళు చేసే పనులు చూడాలి. చూశాక కూడా ఉండాలనిపిస్తే 1001 రోజుల సేవ. నీళ్ళు మోయడం, కూరలు తేవడం, గిన్నెలు కడగడం, దీపాలు చూసుకోవడం. అలాంటివి పద్దెనిమిది రకాల పనులు. తిరగడం నేర్పేదీ ఆ వంటింట్లోనే. ఒక చెక్క పలక, దాని మధ్యలో నున్నటి మేకు. ఎడమకాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఆ మేకు ఇరికించుకుని, పాదం ఒరుసుకుపోకుండా ఉప్పు చల్లుకుని, కుడికాలితో తోసుకుంటూ తిరగాలి. ఎడమకాలు నేల వదలకూడదు.

మా బాబు అక్కడే బొటనవేలు బిగించి తిరగబోయి రెండోచుట్టుకే నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. పాప మాత్రం వాళ్ళ నాన్నని అడిగింది, "అంటే వంట నేర్చుకున్నాకే డాన్సా?" అని. మా ఆయన దగ్గర జవాబు లేదు గానీ, నాకు ఆ ప్రశ్నతోనే ఇస్తాంబుల్‌లో మమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఏమిటో తెలిసింది. తిండి పక్కన సెమా ఉండటం తప్పు కాదు. రూమీ గారి వంటవాడికే ఈ ఊళ్ళో ప్రత్యేకంగా సమాధి ఉంది. ఆతెష్‌బాజ్ వెలీ అంటారు, మెరాం వైపు ఉంటుంది. వెళ్ళినవాళ్ళు అక్కడినుంచి చిటికెడు ఉప్పు తెచ్చుకుని ఇంట్లో ఉప్పులో కలుపుకోవడం ఆనవాయితీ. వండటం, వడ్డించడం, ఆకలి తెలిసి ఉండటం ఇవన్నీ సెమాకి మెట్లుగా పెట్టుకున్న ఊరు ఇది. ఆ రెస్టారెంటులో మేం నములుతూ ఉంటే ఒక మనిషి మా ముందు తిరిగాడు. అది వేరు.

మధ్యాహ్నం భోజనం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే బాగా లేదు. అది శనివారం కదా, మామయ్య నీసు ముట్టరు, నేనూ ముట్టను. మాంసానికి పేరుపడ్డ ఊళ్ళో శనివారం ఒక్కపొద్దు మనుషులం ఇద్దరం. మ్యూజియం దగ్గర్లో ఒక హోటల్లో మెర్జిమెక్ చోర్బాసి, అంటే ఎర్ర కందిపప్పు సూపు అడిగాం. మాంసం లేదన్నారు. రెండు చెంచాలు తాగాక మామయ్యకి అనుమానమొచ్చింది. మళ్ళీ అడిగితే ముక్కలు లేవు గానీ ఎముకల రసంతో కాచామని ఒప్పుకున్నారు. మామయ్య ఏమీ అనకుండా గిన్నె పక్కకి జరిపి, రొట్టె, పెరుగుతో సరిపెట్టుకున్నారు. శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు రెండు. ‘ఎట్సిజ్’ అంటే మాంసం లేకుండా. ‘ఎట్ సుయు’ అంటే మాంసం రసం. మొదటిది ఒక్కటే అడిగితే చాలదు, రెండోది కూడా లేదని అడిగి తెలుసుకోవాలి. పిలావ్ అన్నం విషయంలోనూ ఇంతే.

ఇక సాయంత్రం. కల్చరల్ సెంటర్ మ్యూజియం నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. దారి పాత శ్మశానం పక్కనుంచి వెళ్తుంది, సైప్రస్ చెట్లు, తలపాగా ఆకారంలో చెక్కిన సమాధిరాళ్ళు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. లిరాల్లో ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి అంకె రాయను. ఇస్తాంబుల్‌లో ఆ డిన్నర్‌కి ఒక్కరికి పెట్టినంత ఇక్కడ ఐదుగురికీ కలిపి కాలేదు. కార్యక్రమం ఏడింటికి. మేం ఆరున్నరకల్లా వెళ్ళి కూర్చున్నాం. గుండ్రటి పెద్ద హాలు. నడుమ నున్నటి చెక్క నేల, చుట్టూ మెట్లు మెట్లుగా కుర్చీలు. ముందు వరుసల కోసం పోటీ పడకండి. నాలుగైదు వరుసలు పైన కూర్చుంటే తెల్ల పావడాలు గొడుగుల్లా విచ్చుకోవడం, అందరూ కలిసి ఒక పెద్ద చక్రంలా కదలడం పూర్తిగా కనిపిస్తాయి. ముందుగా టర్కిష్‌లో కాసేపు ప్రసంగం ఉంటుంది. భాష రాకపోయినా ఆ సమయంలో హాలు నెమ్మదిగా నిశ్శబ్దంలోకి జారుకుంటుంది. మధ్యలో చప్పట్లు కొట్టొద్దని, ఫ్లాష్ వాడొద్దని చెప్తారు.

ఒక పక్క వేదిక మీద వాయిద్యకారులు. వాళ్ళకి ఎదురుగా నేల మీద ఎర్రరంగు గొర్రెతోలు. రూమీ గారు వెళ్ళిపోయిన వేళ ఆకాశం రంగు అది. గురువు స్థానంలో ఉన్న పెద్దాయన వచ్చి ఆ తోలు దగ్గర నిలబడతారు, ఆయన్ని పోస్ట్‌నిషీన్ అంటారు. తర్వాత సెమాజెన్లు, అంటే సెమాలో తిరిగేవాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి వంగి నమస్కరించి వరుసగా కూర్చుంటారు. పైన నల్లటి అంగీ, అది సమాధి. లోపల తెన్నూరె అనే తెల్లటి పావడా బట్ట, అది కఫను, అంటే శవానికి చుట్టే గుడ్డ. తలమీద పొడవాటి గోధుమరంగు టోపీ సిక్కె, అది సమాధిరాయి. అంటే మనిషి తన చావుని తానే ఒంటిమీద కప్పుకుని లోపలికి వస్తున్నాడు. ఇది ముందే తెలియకపోతే ‘బట్టలు బాగున్నాయే’ అనుకుని ఊరుకుంటాం. పిల్లలకి మ్యూజియంలోనే చెప్పి ఉంచాను. నల్ల అంగీలతో వాళ్ళు రాగానే బాబు నా చెవిలో "వాళ్ళకి తెలుసా అమ్మా?" అని అడిగాడు. తెలుసు నాన్నా అన్నాను.

మొదట ఒకే ఒక్క గొంతు ప్రవక్తని స్తుతిస్తూ పాడుతుంది. 17వ శతాబ్దపు స్వరకర్త ఇత్రి కట్టిన బాణీ అది, చాలా నిదానంగా సాగుతుంది. అది ఆగాక కుదుమ్ అనే జంట డోళ్ళ మీద ఒక దెబ్బ. సృష్టి మొదలైనప్పుడు ‘అవు’ అన్న ఆజ్ఞ అట అది. ఆ తర్వాత నెయ్. రెల్లుతో చేసిన వేణువు. మన పిల్లనగ్రోవిలో తీపి ఎక్కువ. దీన్లో గాలి శబ్దం కూడా వినపడుతుంది, ఎవరో గుండెలోంచి ఊపిరి వదులుతున్నట్టు. మామయ్య అక్కడే కళ్ళు మూసుకున్నారు.

అందరూ ఒక్కసారిగా నేల మీద అరచేతులతో చరిచి లేస్తారు. మూడుసార్లు వలయంగా నడుస్తారు. ఎర్రతోలు దగ్గరికి రాగానే ముందున్నవాడు వెనక్కి తిరిగి, వెనకున్నవాడి ముఖంలోకి చూసి, ఇద్దరూ వంగుతారు. ఆత్మ ఆత్మని పలకరించడమని అర్థం. ఈ భాగం తిరగడం కన్నా ఎక్కువసేపు నాలో నిలిచింది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి ముఖం ఒకరం అలా చూసుకుని ఎన్నాళ్ళయిందో అనిపించింది.

తర్వాత నల్ల అంగీలు జారిపోతాయి. ఛాతీ మీద చేతులు అడ్డంగా వేసుకుని, ఒక్కడే దేవుడని చెప్పే ఒకటి అంకెలా నిటారుగా, ఒక్కొక్కరే పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి ముద్దుపెట్టుకుంటారు. ఆయన వాళ్ళ టోపీని ముద్దుపెట్టుకుంటారు. అంతే, నాలుగడుగులు వేసి తిరగడం మొదలు. చేతులు ఒక్కసారిగా చాచరు. నడుము దగ్గర్నుంచి పైకి, మొగ్గ విచ్చుకున్నట్టు. కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమ అరచెయ్యి నేలకి. పైనుంచి తీసుకుని కిందికి ఇచ్చేయడం, తనకంటూ ఏమీ ఉంచుకోకపోవడం. తిరిగేది ఎడమవైపుకి, గుండె చుట్టూ. వాళ్ళ మధ్య ఒకాయన నల్ల అంగీతోనే మెల్లగా నడుస్తుంటాడు. ఎవరు ఎక్కడికి జరగాలో నోటితో చెప్పడు, పాదం పెట్టే తీరుతో చెప్తాడు. అంతమంది అంత వేగంగా తిరుగుతున్నా ఒకరి పావడా అంచు ఇంకొకరికి తగల్లేదు. సంగీతం తగ్గినప్పుడల్లా బట్ట గాలిని కోస్తున్న సవ్వడి, మెత్తటి తోలు జోళ్ళు చెక్కమీద జారుతున్న సవ్వడి, ఇవే వినపడతాయి.

ఇలా నాలుగు విడతలు, ఒక్కోదాన్ని సెలామ్ అంటారు. మొదటి సెలామ్‌లో మా పాప గడియారం చూస్తూ దగ్గర్లో ఉన్న ఒకతని చుట్లు లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై నాలుగు. రెండో సెలామ్‌లో కూడా లెక్కపెట్టింది. మూడోదానికి వచ్చేసరికి చూస్తే గడియారం వైపు చూడటం మానేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబు రెండో సెలామ్‌లోనే మా ఆయన భుజం మీద నిద్రపోయాడు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు దీనికి టెన్షన్ పడొద్దు. గంటసేపు ఒకే లయలో సాగే సంగీతం, వాళ్ళకి జోలపాటే. ఏడిచే వయసు పిల్లలుంటే మాత్రం తలుపుకి దగ్గరగా కూర్చోండి.

నాకు కష్టమనిపించింది జనం తీరు. మా ముందు వరుసలో ఇద్దరు మొదటినుంచీ చివరిదాకా ఫోన్లు ఎత్తిపట్టుకునే ఉన్నారు. బస్సులో వచ్చిన ఒక బృందం మూడో సెలామ్ మధ్యలో చప్పుడు చేసుకుంటూ లేచి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళకపోతే చూసేవాళ్ళు, చూడాల్సింది ఆ తర్వాతే వచ్చింది. నాలుగో సెలామ్‌లో పెద్దాయన కూడా తోలు వదిలి మధ్యలోకి వచ్చి తిరుగుతారు. చేతులు చాచరు. నల్ల అంగీ అంచు ఒక చేత్తో పట్టుకుని, ముసలి అడుగులతో, చాలా మెల్లగా. చుట్టూ అంతమంది కుర్రవాళ్ళు వేగంగా తిరుగుతుంటే నడిమధ్యలో ఆ నిదానం. నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాత ఖురాన్ పఠనం, తూర్పూ పడమరా దేవుడివే, ఎటు తిరిగినా ఆయన ముఖమే అనే భాగం. ప్రార్థన అయ్యాక ఎలా వచ్చారో అలాగే ఒక్కొక్కరూ వంగి నమస్కరించి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చి నిలబడి అభివాదాలు అందుకోవడం లాంటిదేమీ లేదు.

కొందరు చప్పట్లు కొట్టారు. మామయ్య లేచి చేతులు జోడించి నిలబడ్డారు. తర్వాత అన్నారు, "హారతి అయినాక చప్పట్లు కొడతామా?"

ఇది డాన్సా, పూజా అని మా ఆయన దారిలో అడిగారు. చట్టం ప్రకారం సాంస్కృతిక కార్యక్రమమే. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ మఠాలన్నింటినీ మూసేసింది. మేం చూసిన ఆ మఠం 1927లో మ్యూజియంగా తెరుచుకుంది. సెమా మళ్ళీ జనం ముందుకి రావడానికి 1950ల దాకా పట్టింది. 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అంటే పాతికేళ్ళకి పైగా బయట కనపడకుండా ఉండి కూడా ఆ అడుగులు, ఆ వంగడం, ఆ వరుస ఎవరో మనసులో దాచుకుని తర్వాతివాళ్ళకి అందించారన్నమాట. నా వరకు అది పూజే.

రాత్రి ఎనిమిదిన్నర దాటింది, చలి, ఆకలి. టాక్సీ కోసం పావుగంట నిలబడి, ఇక నడిచి వెళ్ళిపోయాం. కట్టెల పొయ్యి ఉన్న ఎట్లి ఎక్మెక్ కొట్టు కనపడితే దూరాం. ఎట్లి ఎక్మెక్ అంటే మాంసం రొట్టె. పిండిని పల్చగా, వెడల్పు జానెడు, పొడవు దాదాపు మీటరు వచ్చేలా సాగదీసి, కైమా, టమాటా, ఉల్లి, మిరప కలిపిన ముద్ద పరిచి, పొడవాటి చెక్క తెడ్డు మీద పొయ్యిలోకి తోస్తారు. కొద్ది నిమిషాల్లో వచ్చేస్తుంది. పొడవాటి చెక్క పలక మీద పెట్టి, ముక్కలుగా కోసి, టేబుల్ నడుమ పెట్టేస్తారు. ప్లేట్లతో పని లేదు. నిమ్మకాయ పిండుకుని, కొత్తిమీర లాంటి ఆకు వేసుకుని, చుట్ట చుట్టి తినాలి. అంచు కరకర, నడుమ మెత్తన. నిద్రలేచిన బాబు పలక కొలవడానికి బెంచీ మీద పడుకోబోయాడు.

మా ఇద్దరి సంగతి చెప్పడానికి ఫోన్లో అనువాదం చూపించాం. ‘మాకు శనివారం మాంసం తినని నియమం’ అని. కొట్టాయన చదివి, మామయ్య వైపు చూసి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. తర్వాత పొయ్యి దగ్గరున్న కుర్రాడికి ఏదో చెప్పాడు. మా కళ్ళముందే పిండి బల్ల తుడిచి, వేరే తెడ్డు తీసి, జున్ను రొట్టె రెండు కాల్చి ఇచ్చారు. పైన కాస్త వెన్న. పొద్దున్నుంచి సరిగ్గా తినని మామయ్య ఒక రొట్టె మొత్తం తిన్నారు. నురుగు తేలే మజ్జిగ, ఐరాన్ అంటారు, రాగి చెంబులో ఇచ్చారు. ఉప్పు మాత్రమే వేస్తారు. అల్లం, కరివేపాకు లేని లోటు నాకు తెలిసింది గానీ ఆ రొట్టెకి అదే సరైన జోడీ. చివర్లో సాచ్ అరాసి అనే పాకం మిఠాయి, రెండు పెనాల నడుమ కాల్చిన పల్చటి పొరల చుట్ట. తీపి ఎక్కువ, ఐదుగురికి ఒకటి చాలు. నడుము సన్నగా ఉండే గాజు గ్లాసుల్లో టీ, దానికి డబ్బు తీసుకోలేదు.

కోన్యాలో ఒక్క రాత్రే ఉండగలిగితే తినాల్సింది ఇదే, ఎందుకంటే ఆ ఊరి ఇంకో పేరున్న వంటకం ఫిరిన్ కెబాబి పగటి తిండి. పొద్దున్నే రాగి పాత్రల్లో పెట్టిన వేటమాంసం గంటల తరబడి దాని కొవ్వులోనే మగ్గుతుంది. అయిపోతే అయిపోయినట్టే, రాత్రికి దొరకదు. మేం ఆదివారం మధ్యాహ్నం తిన్నాం. తూకం వేసి రొట్టె మీద పెట్టి పచ్చి ఉల్లిపాయతో ఇస్తారు. మసాలా లేదు, ఉప్పే. చెంచా కాదు, చేత్తోనే తినాలి. మామయ్యకి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

కానీ నేను ఆ ఊరి నుంచి గుర్తుపెట్టుకునే రుచి బామ్యా చోర్బాసి. బెండకాయ సూపు. ఆ బెండకాయలు వేలిగోరంత ఉంటాయి, పువ్వు రాలీ రాలగానే కోసి, దారానికి గుచ్చి ఎండబెడతారు. బజార్లో కొట్ల ముందు మల్లెమొగ్గల దండల్లా వేలాడుతుంటే మా పాప పూలే అనుకుంది. చిన్న మాంసం ముక్కలు, టమాటా, బాగా నిమ్మరసం. జిగురు లేదు, పులుపు నాలుక మీద నిలబడుతుంది. అక్కడ పెళ్ళి భోజనాల్లో కొవ్వు వంటకాల మధ్యలో దీన్ని వడ్డిస్తారట, నోరు శుభ్రపడి మళ్ళీ ఆకలి పుట్టడానికి. మామయ్య గిన్నె ఖాళీ చేసి, "మన బెండకాయ పులుసుకి అక్క అవుతుంది" అన్నారు.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని మాటలు. డిసెంబర్ 7 నుంచి 17 దాకా అక్కడ రూమీ వర్ధంతి ఉత్సవాలు, అప్పుడు రోజూ సెమా ఉంటుంది గానీ హోటల్ గదీ టికెట్టూ నెలల ముందే చూసుకోవాలి, చలి కూడా గట్టిగా ఉంటుంది. కోన్యా వెళ్ళే వీలే లేకపోతే ఇస్తాంబుల్‌లో 1491లో కట్టిన గలతా మెవ్లెవీ మఠంలో చాలా ఆదివారాలు సెమా జరుగుతుంది, ముందుగా కనుక్కుని వెళ్ళండి. ప్లేట్ల మధ్య తిరిగే చోటికి మాత్రం పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

బజార్లో ఒక బెండకాయ దండ కొన్నాం. ఇంటికొచ్చిన మొదటి శనివారం సగం నానబెట్టి, మాంసం లేకుండా, టమాటా, నిమ్మరసంతో కాచాను. ఆ పులుపు రాలేదు గానీ వాసన వచ్చింది. మిగతా సగం వంటింట్లో మేకుకి తగిలించి ఉంది. నిన్న డబ్బాలో పెట్టేద్దామని తీయబోతే మామయ్య వద్దన్నారు. "డిసెంబర్ పదిహేడుకు చేద్దువు లేమ్మా, ఆ పొద్దు ఆయన ఉరుసు కదా."